కరిగే పొర చెప్పే కబురు

ఆత్రేయపురం పూతరేకు తినని తెలుగువారు అరుదు. బోర్లించిన కుండకు లోపలి నుంచి మంట పెట్టి, పల్చని బియ్యపు పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి పరచి తీస్తే, క్షణాలలో కాగితం కంటె పల్చని రేకు లేస్తుంది. నెయ్యి, బెల్లం చేర్చి మడిచిన ఆ రేకు నాలుకపై నమలకుండానే కరుగుతుంది. నోటి తడికి అది మెత్తబడటం ఇందుకు ఒక కారణం. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థపు పొడవైన గొలుసులను తుంచడం మొదలుపెట్టడం మరొక కారణం.

పాఠకులారా, ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఇటువంటి కరగడం గురించే. మన శరీరంలోని రసాయనిక చర్యలను వేగిరపరచే మాంసకృత్తులే ఎంజైములు. కొన్ని జబ్బులలో ఇవి ఉండవలసిన చోటు విడిచి రక్తంలోకో, మూత్రంలోకో చేరుతాయి. మరికొన్ని జబ్బులలో అవసరానికి మించి తయారవుతాయి. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క రకపు పదార్థాన్ని తుంచుతుంది. ఆ పదార్థాన్ని పల్చని పూతగా వేసి, రోగి నుంచి తీసిన ఒక చుక్కను దానిపై ఉంచి, పూత కరుగుతున్నదో లేదో గమనిస్తే జబ్బు జాడ తెలుస్తుంది. ఇంత చిన్న విషయంపై నాకు ఇంత శ్రద్ధ కలగడానికి ఒక రోగి కారణం. ముందుగా ఆయన సంగతి చెప్పాలి.

1984వ సంవత్సరం. గోదావరి పాయ ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో నేను వైద్యుణ్ణి. సంక్రాంతి వెళ్ళిన మూడవ నాటి సాయంకాలం, ఎదుటి లంక నుంచి కొబ్బరి దింపు చేసే ఒక కార్మికుణ్ణి ఆయన భార్య పడవ మీద తీసుకువచ్చింది. వయస్సు నలభై ఉండవచ్చును. పొట్ట పైభాగంలో నొప్పి, నాలుగైదు వాంతులు. బల్ల మీద పడుకోమంటే పడుకోలేక, మోకాళ్ళు పొట్టకు ఆనించుకొని ముందుకు వంగి కూర్చున్నాడు. పండుగ రోజులు. మాంసం, పిండివంటలు తిన్నానన్నాడు. కడుపులో పుండు కావచ్చును, లేదా అజీర్ణం కావచ్చును అనుకొన్నాను. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఇచ్చి, నొప్పికి ఒక ఇంజెక్షను చేశాను. నొప్పి కొంత ఉపశమించింది. ఆఖరి పడవ కదిలే వేళ అయింది.

వెళ్ళబోతూ ఆ తల్లి గుమ్మం దగ్గర ఆగి అడిగింది: “రేతిరి మళ్ళీ నొప్పొస్తే ఏం చెయ్యమంటారండి బాబూ?”

“తగ్గిపోతుందమ్మా. తగ్గకపోతే పొద్దున్నే పడవ మీద తీసుకురా,” అన్నాను.

మరునాడు పది గంటలకు ఆయనను నులకమంచం మీద మోసుకువచ్చారు. నాడి వేగంగా, సన్నగా కొట్టుకొంటున్నది. రక్తపు పోటు పడిపోయింది. పొట్ట ఉబ్బి బిగుసుకొని ఉంది. రెండు చేతులకు సెలైను ఎక్కిస్తూ పెద్ద ఆసుపత్రికి పంపించాను. అక్కడ రక్తపరీక్షలో అమైలేజ్ చాలా హెచ్చుగా ఉన్నదనీ, జబ్బు తీవ్రమైన క్లోమ తాపమనీ తేలింది. మూడవ రోజున ఆయన మరణించాడు.

క్లోమ తాపాన్నే వైద్యులు పాంక్రియాటైటిస్ అంటారు. జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే క్లోమగ్రంథి మనం తిన్న ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములను తయారుచేస్తుంది. పిండిపదార్థాలకు అమైలేజ్, కొవ్వులకు లైపేజ్, మాంసకృత్తులకు ట్రిప్సిన్. ఈ ట్రిప్సిన్ గ్రంథిలో ఉన్నంతసేపు నిద్రాణస్థితిలో ఉంటుంది. చిన్నప్రేవులోకి చేరిన తరువాతనే చైతన్యం పొందుతుంది. ఏ కారణం చేతనైనా గ్రంథిలోనే మేల్కొంటే, అన్నాన్ని అరిగించవలసినది గ్రంథినే అరిగించడం మొదలుపెడుతుంది. ఆ వాపు వలన రక్తనాళాల నుంచి ద్రవం కణజాలంలోకి ఊరిపోతుంది. రోగి బయటికి రక్తస్రావం లేకుండానే అఘాతస్థితిలోకి జారిపోతాడు. తొలి గంటలలో సిరల ద్వారా తగినంత ద్రవం అందించడం, నొప్పిని అదుపు చేయడం, అవయవాల తీరును కనిపెట్టి ఉండడం చికిత్సలో ముఖ్యం. దీనికి విరుగుడు మందు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. తొలి గంటల విలువ మాత్రం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది.

ఆ రాత్రి ఆయన నా ఆసుపత్రిలో ఉండి ఉంటే బ్రతికేవాడని నేను చెప్పలేను. తీవ్రమైన క్లోమ తాపం పెద్ద ఆసుపత్రులలో కూడా ప్రాణాలు తీస్తుంది. కాని ఆ రాత్రంతా సెలైను ఎక్కి ఉండేది. ఆ అవకాశం ఆయనకు దక్కకుండా చేసినవాణ్ణి నేను.

అప్పట్లో నన్ను నేను ఒక మాటతో ఓదార్చుకొనేవాణ్ణి: ‘నా దగ్గర ఏ పరీక్షా లేదు కదా!’ కొన్నేళ్ళ తరువాత పాత జీవరసాయన పుస్తకం ఒకటి తిరగవేస్తుంటే ఆ ఓదార్పు కూడా పోయింది. 1908లోనే వోల్‌గెముత్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అమైలేజ్‌ను కొలిచే పద్ధతి చెప్పాడు. గంజి వంటి పిండిపదార్థపు ద్రావణంలో అయొడిన్ చుక్క వేస్తే నీలిరంగు వస్తుందని మీరు హైస్కూలులో చూసి ఉంటారు. ఆ ద్రావణానికి ముందుగా రోగి మూత్రాన్ని వేర్వేరు పాళ్ళలో కలిపి, గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచాలి. అమైలేజ్ హెచ్చుగా ఉంటే పిండిపదార్థం అరిగిపోతుంది, అయొడిన్ వేసినా నీలిరంగు రాదు. మోటు పరీక్షే. కాని అనుమానం రేకెత్తించడానికి సరిపోయేది. గంజి లేని ఇల్లు డెల్టాలో లేదు. టింక్చర్ అయొడిన్ సీసా నా బల్ల మీదనే ఉంది.

ఈ పద్ధతి వెనుక ఉన్న సూత్రాన్ని గమనించండి. ఎంజైము కంటికి కనబడదు. రక్తంలో దాని పరిమాణం అత్యల్పం. అందువలన దానిని వెదకడం కంటె, దానికి మేత వేసి ఎంత మేసిందో చూడడం సులభం. ఒక్క ఎంజైము అణువు అలసట లేకుండా వేలకొలది బంధాలను తుంచగలదు కనుక, అల్పమైన ఎంజైము కూడా కనబడేంత పని చేస్తుంది.

ఈ విద్యలో మన గోదావరి సీమవారికి ఒక పెద్ద వాటా ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొంతకాలం చదువుకొని, మద్రాసులో వైద్యవిద్య ముగించి అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే రంగు పద్ధతిని ప్రకటించారు. మాలిబ్డేట్‌తో ఫాస్ఫేటు కలిసినప్పుడు, తగిన క్షయకరణి చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఎంత ఫాస్ఫేటు ఉంటే అంత ముదురు నీలం. ఈ పద్ధతి అండతోనే ఆ ఇద్దరూ కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్‌నూ, కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.నీ గుర్తించారు. ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కొన్ని పదార్థాల నుంచి ఫాస్ఫేటును విడగొడుతుంది. విడిపోయిన ఫాస్ఫేటును ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో కొలిస్తే రక్తంలో ఆ ఎంజైము ఎంత చురుకుగా ఉన్నదో తెలిసేది. మీ కాలేయ పరీక్షల చీటీలో ‘ఏ.ఎల్.పి.’ అని కనిపించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అదే. పిత్తనాళంలో అడ్డంకి ఏర్పడినప్పుడు, కొన్ని ఎముకల వ్యాధులలో అది పెరుగుతుంది. ఇప్పటి ప్రయోగశాలలలో మేత మారింది, రంగు నీలం నుంచి పసుపుకు మారింది. సూత్రం మారలేదు.

మరి మేతను ద్రావణంగా కాక పూతగా వేస్తే? నేను కాకినాడలో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో పిల్లల వార్డులో అటువంటి పరీక్ష ఒకటి చూశాను. ఎంత తిన్నా ఒళ్ళు పట్టని, జిడ్డుగా విరేచనాలయ్యే పసిపిల్లలలో క్లోమరసం సరిగా ఊరుతున్నదా అని తెలుసుకొనడానికి, వాడి పారవేసిన ఎక్స్‌రే ఫిల్ము ముక్క తెచ్చేవారు. ఎక్స్‌రే ఫిల్ముపై నల్లగా కనబడేది జెలటిన్ పొరలో చిక్కుకొన్న వెండి. జెలటిన్ మాంసకృత్తి, ట్రిప్సిన్‌కు మంచి మేత. బిడ్డ మలాన్ని నీటిలో పలుచన చేసి ఒక్కొక్క చుక్క ఫిల్ముపై వేసి, ఒంటి వెచ్చదనంలో గంటసేపు ఉంచి కడిగేవారు. ట్రిప్సిన్ ఉంటే జెలటిన్ కరిగి, దానితో పాటు నలుపు పోయి, అద్దం వంటి తెల్లని మచ్చ తేలేది. లేకపోతే ఫిల్ము నల్లగానే ఉండేది. పెద్దపిల్లలలో ప్రేవులలోని సూక్ష్మజీవుల ఎంజైములు కూడా జెలటిన్‌ను కరిగిస్తాయి కనుక ఈ పరీక్షను నమ్మడం కష్టం. అయినా పూత కరగడాన్ని చూసి జబ్బును అంచనా వేయడం నేను మొదటిసారి చూసినది అక్కడే.

నేటి శాస్త్రజ్ఞులు వాడుతున్న పూతలను హైడ్రోజెల్ అంటారు. పేరు కొత్తదే గాని వస్తువు మీకు పాతదే. వేసవిలో సబ్జా గింజలను నీటిలో వేస్తే ప్రతి గింజ చుట్టూ జిగురు పొర ఉబ్బుతుంది కదా, అదీ ఒక హైడ్రోజెల్. సన్నని పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి వలగా ఏర్పడి, తమ బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతాయి. మెత్తని కాంటాక్టు లెన్సులు, పసిపిల్లల డైపర్లలోని గుళికలు ఈ జాతివే. ఆ వలలోని ముడులను ఏదైనా ఎంజైము తుంచితే వల వదులై, తుదకు కరిగిపోతుంది.

2011లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ జాకియో, రిచర్డ్ క్రూక్స్ అనే ఇద్దరు క్లోమ తాపాన్ని గుర్తించడానికి అగ్గిపెట్టె అంత సాధనం ఒకటి తయారుచేశారు. అందులో ఉన్నవి జెలటిన్, పాల మాంసకృత్తి కలిసిన పొర, దాని క్రింద వంటింటి అల్యూమినియం రేకు, ఒక చిన్న ఎర్రదీపం. రోగి రక్తం నుంచి తీసిన ద్రవం ఆ పొరపై వేస్తారు. ట్రిప్సిన్ హెచ్చుగా ఉంటే పొరకు గండి పడుతుంది. తరువాత వేసిన క్షారం ఆ గండి గుండా దిగి అల్యూమినియం రేకును తినివేస్తుంది. అడ్డు తొలగగానే విద్యుత్ వలయం పూర్తయి దీపం వెలుగుతుంది. గంటలో ఫలితం. యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, ఖర్చు ఒక డాలరు లోపు అన్నారు. ఆ వార్త చదివిన నాడు నేను చాలాసేపు పత్రిక మూయలేదు. నా కళ్ళ ముందు నిలిచినది అమెరికా ప్రయోగశాల కాదు, ఆఖరి పడవ.

పూత కరగడాన్ని కంటితోనే చూడవలసిన పని లేదు. మీ గోడగడియారంలో క్వార్ట్జ్ స్ఫటికం ఒకటి నియమంగా కంపిస్తుంటుంది. అటువంటి స్ఫటికంపై పూత వేస్తే దాని బరువుకు కంపనాల వేగం తగ్గుతుంది. ఎంజైము పూతను కరిగిస్తుంటే బరువు తగ్గి కంపనాలు మళ్ళీ పెరుగుతాయి. మరొక మార్గం, విద్యుత్ ధ్రువంపై పూత వేయడం. పూత చెక్కుచెదరక ఉన్నంతవరకు విద్యుత్తుకు ఒక తీరు అడ్డంకి ఉంటుంది, కరిగేకొద్దీ ఆ అడ్డంకి మారుతుంది. చక్కెర చూసుకొనే గ్లూకోమీటరు పట్టీ మీలో చాలామందికి తెలుసు. అందులో ఎంజైము పట్టీపై ఉంటుంది, వెదికే చక్కెర రక్తంలో ఉంటుంది. ఇక్కడ అది తిరగబడుతుంది: మేత పట్టీపై, వెదికే ఎంజైము రోగి ఒంట్లో.

ఏ ఎంజైమో తెలిసేదెలా అని మీరు అడగవచ్చును. జెలటిన్‌ను చాలా ఎంజైములు కరిగిస్తాయి గదా! అందుకే పరిశోధకులు మామూలుగా మానవ శరీరంలోని ప్రొటీన్ ఎంజైములకు లొంగని డెక్స్‌ట్రాన్ వంటి పదార్థాన్ని తీసుకొని, దాని పోగులను చిన్న పెప్టైడు ముక్కలతో ముడివేస్తున్నారు. ఆ ముక్కలలోని అమైనో ఆమ్లాల వరుసను ఒక నిర్ణీత ఎంజైము కోరుకొనే విధంగా అమరుస్తారు. లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో స్టెఫీ క్రౌజె బృందం 2015లో ఎం.ఎం.పి.–9 అనే ఎంజైము కొరకు ఇటువంటి పూతతో, వాడి పారవేయగల పట్టీని వివరించింది. కణజాలాన్ని కోసి మరమ్మతు చేసే ఎంజైముల కుటుంబానికి చెందినది ఇది. చిగుళ్ళ వ్యాధిలో, ఎంతకూ మానని పుండ్లలో ఈ కుటుంబపు ఎంజైములు మితిమీరుతాయి. మధుమేహం ఉండి, స్పర్శ తగ్గిన పాదాలతో ఊడ్పుల బురదలో నిలిచే మన రైతులకు కాలిపుండు ఎంతటి ముప్పో మీకు తెలుసు. పుండు మానే దారిలో ఉన్నదా, లేదా అన్నది కట్టు కట్టే వేళకే ఒక పట్టీ చెప్పగలిగితే, వేలు తీయవలసి రాకముందే జాగ్రత్తపడవచ్చును.

ఇంత చెప్పి, దీనిలోని లోపాలు దాచడం వైద్యునికి తగదు. రక్తంలో ట్రిప్సిన్‌ను పట్టి కట్టివేసే మాంసకృత్తులు సహజంగానే ఉంటాయి. అందువలన జబ్బు ఉన్నా పూత కరగకపోవచ్చును. మామూలు జెలటిన్ గట్టితనం ముప్ఫై డిగ్రీలు దాటగానే సడలుతుంది. మే నెలలో మన డెల్టా ఎండకు ఎంజైము లేకుండానే పూత జారిపోగలదు. ముడులు బిగించిన పూతలు, చల్లని నిల్వ దీనికి అవసరం. అన్నిటికంటె ముఖ్యం, ఎంజైము పెరిగినంత మాత్రాన జబ్బు నిర్ధారణ కాదు. అమైలేజ్ గవదబిళ్ళలలో పెరుగుతుంది, ప్రేవులు మూసుకుపోయినా పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. అందుకే నేడు క్లోమ తాపానికి లైపేజ్ పరీక్షను మేలైనదిగా ఎంచుతారు. తగిన నొప్పి, మామూలు గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు మించిన ఎంజైము, స్కానింగులో కనబడే మార్పులు అనే మూడింటిలో రెండైనా ఉంటేనే నిర్ధారిస్తారు. ఎంజైము అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదనే లెక్క కూడా లేదు.

ఆ మూడింటిలో మొదటిది రోగి చెప్పే నొప్పి. ఇక్కడికి వచ్చేసరికి నా రెండవ తప్పు ఒప్పుకోవాలి. పరీక్ష లేకపోవడం ఒక్కటే ఆ రోజు లోపం కాదు. నొప్పి వీపులోకి పొడుస్తున్నదా అని నేను అడగలేదు. పండుగకు సారా ఎంత తాగావని అడగలేదు. ఆయన ముందుకు వంగి కూర్చోవడం చూశాను, అది నాకు చెబుతున్నది వినలేదు. ఆ రెండు ప్రశ్నలకు పూత అక్కరలేదు, దీపం అక్కరలేదు. రేపు ప్రతి ఉపకేంద్రానికి ఇటువంటి పట్టీ అందినా, దానిని ఎవరికి వాడాలో తోచవలసినది వైద్యునికే.

కనుక మీరు గుర్తుంచుకొనవలసినవి చెప్పి ముగిస్తాను. పొట్ట పైభాగంలో హఠాత్తుగా మొదలై గంటల తరబడి తగ్గకుండా, వీపులోకి వ్యాపిస్తూ, వాంతులతో వచ్చే నొప్పిని ‘గ్యాస్’ అని కొట్టివేయవద్దు. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు, మద్యం అలవాటు ఉన్నవారు, రక్తంలో ట్రైగ్లిసరైడులు బాగా హెచ్చుగా ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొట్ట పైభాగపు నొప్పి గుండెపోటు వలన కూడా రావచ్చును. మద్యం సంగతి సిగ్గుపడి దాచకండి. వైద్యుడు అడగకపోతే మీరే చెప్పండి. ఆసుపత్రి చేరేవరకు నోటి ద్వారా ఏమీ పెట్టవద్దు. 108కి ఫోను చేయడానికి తెల్లవారవలసిన అవసరం లేదు.

ఆ తల్లి గుమ్మం దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నకు నేను తప్పు సమాధానం ఇచ్చి నలభై ఏళ్ళు దాటింది. సరైన సమాధానం ఆమెకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను: రాత్రి మళ్ళీ నొప్పి వస్తే, పొద్దున దాకా ఆగవద్దమ్మా. అప్పుడే బయలుదేరండి.